ముద్దేనహళ్ళి బాటసారి ఐరోపా యాత్రలు

నందికొండ చుట్టుప్రక్కల పుట్టిన యేరులలో పెక్కు తెలుగుదేశము వైపునకే పారుచున్నవి. ఉత్తర పినాకిని యిచ్చట పుట్టి, హిందూపురపు దారిని అనంతపుర సీమలో ప్రవేశించి, కడపను దాటి నెల్లూరు సీమలో సముద్రమును జేరును. చిత్రావతి బాగేపల్లి ప్రాంతమును తడుపుచు పుట్టపర్తికి పోవును. పాపఘ్ని కూడ నీ సీమలోనే పుట్టి కడపలో పెన్నను గలియును. నీరిట్లు పల్లమునకు పోవుచుండగా మన పూర్వులు దానికెదురు నడచి యీ మెరకకు వచ్చిరి. కొందరు కరువునకు వెరచి వచ్చిరి. కొందరు పాళెగాండ్ర కొలువునకు, కొందరు గుడిమాన్యములకు, కొందరు మగ్గముతోను, మరికొందరు గొర్రెలమందతోను వచ్చిరి. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో నేటికిని తెలుగు ఇంటిభాషగా నున్న కుటుంబములకు ఈ ఎదురునడకయే మొదటి చరిత్ర. దానిని వరుసగా వ్రాసి పెట్టినవారు లేరు. ఇంటిపేరులు మాత్రము నిలిచినవి.

అట్టి యింటిపేరులలో లోకమెల్ల నెరిగినది మోక్షగుండము. అది గిద్దలూరు సమీపమందలి యొక గ్రామము. పూర్వము కర్నూలు జిల్లాలో నుండి, 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరినది. ఆ గ్రామమునుండి కొన్ని తరముల క్రిందట వచ్చి, చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో స్థిరపడిన తెలుగు కుటుంబమున, శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. జన్మసంవత్సరము 1861 అని విశేషముగ చెప్పుదురు; శతజయంతి మాత్రము 1960 సెప్టెంబరులోనే బెంగుళూరున జరిగినది, తపాలాబిళ్ళయు నా నెలలోనే వెలువడినది. ఈ యేడాది తేడా మన విషయమున కడ్డుగాదు.

ఆయన కట్టించిన ఆనకట్టలను గూర్చి మన పిల్లలు బడిలోనే చదివియున్నారు. నేనిచ్చట ప్రస్తావింపదలచినది ఆయన ప్రయాణములను, అందును ఐరోపా ఖండయాత్రలను. దీనికి కారణమున్నది. నేడు మన కుటుంబములలోని యువకులును యువతులును, చదువు ముగిసిన వెంటనేయో, ఉద్యోగము దొరికిన రెండవ యేటనో, స్నేహితులొకరిని జతచేసికొని, వీపున సంచి తగిలించుకొని, ఐరోపా రైళ్ళలో దేశదేశములు తిరిగి వచ్చెదమని బయలుదేరుచున్నారు. "ఊరక తిరుగుట కింత వ్యయమా?" యని తండ్రి యడుగును. "తోడెవరురా?" యని తల్లి యడుగును. ఈ రెండు ప్రశ్నలును క్రొత్తవి కావు. ముద్దేనహళ్ళివారొకరు నూరేండ్లకు పూర్వమే వీనికి తమదైన యొక యుత్తరము నిచ్చియున్నారు. ఆ యుత్తరము మనకెంతవరకు చాలునో పరిశీలింపవలసియున్నది.

తోడు మాట ముందు చూతము. పూర్వకాలమున కాశికి పోవువాడు ఒంటరిగా పోవుట యరుదు. సద్దిమూట వీపున గట్టుకొని గుంపుగా పోయెడివారు. దొంగలభయ మొకటి, జబ్బుచేసినచో నోట నీరు పోయువా డుండవలెనను భయ మొకటి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశీ ప్రయాగ గయలు సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. వెంట పెద్ద పరివారమే యుండెను. అయినను ఆయన యసలు తోడు చెన్నపట్టణముననే యుండెనని నా యభిప్రాయము. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు ఆయనకు ప్రియమిత్రులు. దారిలోని యూళ్ళు, నదులు, ధరలు, సత్రములు, ఆచారములు, సమస్తమును వీరాస్వామయ్యగారు ఆ మిత్రునకు లేఖలుగా వ్రాసి పంపిరి. 1838లో అచ్చుపడిన 'కాశీయాత్ర చరిత్ర' ఆ లేఖలనుండి పుట్టినదే. తెలుగువారి యాత్రాగ్రంథములలో మొదట నిలుచు నీ గ్రంథము ఒక స్నేహితుని కొరకు వ్రాయబడినదని మనము తరచుగ మరచుచున్నాము. ప్రక్కన నడచు తోడు కన్న, ఇంట కూర్చుండి లేఖకొరకు ఎదురుచూచు తోడు బాటసారి కన్నులను మేల్కొలుపును. "ఇది వానికెట్లు చెప్పుదును?" అను తలంపుతో చూచువానికి కనబడినంత, తనకొరకే చూచువానికి కనబడదు.

మన సీమలోనే కైవారము నారాయణప్పగారిని తలంచుకొనుడు. చింతామణి తాలూకాలోని కైవారమున గాజుల మలారము భుజాన వేసికొని ఊరూరు తిరిగిన ఆ పెద్ద, తెలుగునను కన్నడమునను కీర్తనలు చెప్పెను. తిరిగిన యూళ్ళన్నియు నాయనకు శ్రోతలైనవి. ఆయన తెలుగు పదములను కన్నడలిపిలో చదివి పాడుకొనువారు నేటికిని మన సీమలో నున్నారు.

ఇక విశ్వేశ్వరయ్యగారి విషయము. బాల్యముననే తండ్రిని గోల్పోయి, చిక్కబళ్ళాపురమున ప్రాథమికవిద్య ముగించి, బెంగుళూరులో మేనమామ యింట నుండి, పిల్లలకు చదువుచెప్పుకొనుచు 1881లో బి.ఏ. పట్టము పొందిరి. పూనాలో ఇంజనీరింగు చదివి 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి. ఆ కొలువుననుండగనే 1898లో జపానును చూచి వచ్చిరి. మనదేశీయుడొకడు మొదటి విదేశయాత్రకు ఇంగ్లండును గాక జపానును ఎన్నుకొనుట ఆ రోజులలో వింతయే. పడమటి విద్యలను తూర్పువారొకరు ఎట్లు సొంతము చేసికొనిరో చూడవలెనన్న కోరిక దానికి మూలమైయుండును. 1906లో ఏడెనునకు నీటివసతి, మురుగు పారుదల యేర్పాటు చేయుటకై పంపబడిరి. కనుక ఐరోపాకు పోవు సముద్రమార్గమున సగము ఆయనకు పరిచితమే.

1908లో బొంబాయి కొలువునకు స్వస్తి చెప్పిరి. ప్రధాన ఇంజనీరు పదవి నాడు భారతీయున కందనిది. ఎంత పనిచేసినను ఆ మెట్టు దగ్గర తలుపు మూసియుండును. అట్టి తలుపునెదుట కూర్చుండుట ఇష్టములేనివారు సాధారణముగ ఇంటికి పోయి విశ్రాంతి తీసికొందురు. ఆయన ఐరోపాకును, అటనుండి అమెరికాకును బయలుదేరిరి. ఆయనను పంపినవారు లేరు. తిరిగివచ్చిన పిమ్మట కొలువు దొరకునన్న భరోసాయు లేదు. వయస్సు నలుబదియేడు. నేటి యువకులు "ఉద్యోగమునకు ఉద్యోగమునకు నడుమ" తిరిగివచ్చుట యనునది ఇదియే గదా!

ఆ కాలపు ఐరోపా రైలు ప్రయాణమెట్టిదో కొంచెము తెలిసికొనవలెను. బొంబాయినుండి పోవు ఓడ ఏడెను, సూయజు కాలువ, పోర్టుసెయిదు దాటి మధ్యధరాసముద్రము ప్రవేశించును. తొందరగలవారు ఇటలీదేశపు కొనయందలి బ్రిండిసి రేవులోనో, ఫ్రాన్సులోని మార్సేల్సులోనో దిగి రైలెక్కుదురు. హిందూదేశపు తపాలా కూడ 1870 ప్రాంతమునుండి ఆ బ్రిండిసి దారినే పోయెడిది. అచ్చట తపాలాసంచులు దింపి ప్రత్యేకపు బండిలో వేసి, ఖండము నడుమగా కేలే రేవువరకు పరుగెత్తించెడివారు. మధ్యన ఆల్ప్సు పర్వతములు. వానిని ఎక్కి దిగు శ్రమ లేకుండ కొండలను తొలిచిరి. 1871లో ఫ్రాన్సు ఇటలీల నడుమ సొరంగము, 1882లో సెయింటు గొథార్డు సొరంగము, 1906లో సింప్లను సొరంగము. ఈ కడపటిది సుమారు ఇరువది కిలోమీటర్ల పొడవు, నాటికి ప్రపంచమున దానిని మించినది లేదు. అందు బండ్లు విద్యుచ్ఛక్తితో నడచెడివి. మైసూరు సంస్థానమున శివసముద్రమునుండి కోలారు గనులకు విద్యుచ్ఛక్తి వచ్చి అప్పటికి నాలుగేండ్లు మాత్రమే కడచినవి.

అనుమతిపత్రముల బెడద నాడు లేదు. రష్యా, తురుష్కరాజ్యములు దక్క, ఐరోపాలో దాదాపు ఎచ్చటను ప్రయాణపత్రము చూపుడని అడిగెడివారు కారు. 1914 యుద్ధము తరువాతనే ఆ పద్ధతి స్థిరపడినది. చిక్కులు వేరొక చోట నుండెను. గడియారములవి. మన దేశమునకంతకు నొకే కాలమానము 1906 జనవరి 1న యేర్పడినను బొంబాయివారు తమ పట్టణపు కాలమును విడువక పట్టుకొనియుండిరి. ఫ్రాన్సులో పారిసు కాలము. అందును రైలుస్టేషను వెలుపలి గడియారము కంటె లోపలి గడియారము అయిదు నిమిషములు వెనుక! ఆలస్యముగా వచ్చువారిపై దయతో నట్లుంచిరట. 1911లో గాని ఆ వింత పోలేదు. రష్యాలో ఏకముగ పదుమూడు దినములు వెనుక. ఇట్టి చిక్కులు విప్పుటకు థామస్ కుక్కు కంపెనీవారు 1873నుండి ఖండమంతటి రైలువేళలను ఒకే పుస్తకముగా అచ్చువేయుచుండిరి. ఆ పుస్తకము ప్రక్కనుంచుకొని రాత్రులు కూర్చుండి రేపటి బండిని వెదకుట నాటి బాటసారులందరి నిత్యకృత్యము.

విశ్వేశ్వరయ్యగారు ఈ రైళ్ళలో ఏమి చూచిరి? దేవాలయములను, చిత్రశాలలను చూచుటకై పోయినవారు కారు. నగరములకు మంచినీరెట్లు వచ్చుచున్నది, మురికినీరెట్లు పోవుచున్నది, కర్మాగారములెట్లు నడచుచున్నవి, చదువెట్లు చెప్పుచున్నారు, ఇవి ఆయన చూపులు. నేల పైభాగము కన్న నేల లోపలి గొట్టములే ఆయనను ఆకర్షించెనని హాస్యమాడవచ్చును. ఆయనయందు నాకున్న గౌరవమునకు లోపము లేకుండ ఒక మాట చెప్పుదును. ఇటలీకి పోయి అచ్చటి శిల్పమును, సంగీతమును గూర్చి పెద్దగ నోరు విప్పని యాత్రికుని చూచిన నాకు కొంత వెలితి తోచును. అందరికి నన్ని కన్నులుండవు. ఆయనకున్న కన్ను ఆ కాలమున మనదేశమునకు మిక్కిలి కొరతగానున్న కన్ను.

ఇక్కడ మన యిండ్లలో పిల్లలకు చెప్పు కథ యొకటి జ్ఞప్తికి వచ్చును. ఆయన రైలులో పోవుచుండగా చక్రముల చప్పుడులో తేడా గ్రహించి, గొలుసు లాగి బండి నాపించి, ముందు పట్టా విరిగియున్నదని చూపెనట. ఏ దారిలో, ఏ సంవత్సరమున అని అడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పుదురు. చరిత్రలో దీనికి స్థానమీయలేము. కాని జనులు ఒక మనుష్యుని గూర్చి ఎట్టి కథ కల్పించుకొందురో అదియు నొక సాక్ష్యమే. ఆయనను రైలులో కిటికీకడ నిద్రపోవువానిగా మనవారెవ్వరును ఊహింపలేకపోయిరి.

ఈ యాత్ర నడుమనే ఆయన జీవితము మలుపు తిరిగినది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచినది. వేలకొలది జనులు ప్రాణములు గోల్పోయిరి. నగరమును మరల నిట్టి ముప్పునుండి కాపాడు ఉపాయము చెప్పవలసినదని నిజాము ప్రభుత్వమువారు పంపిన తంతి ఆయనకు ఇటలీలో నుండగా అందెను. తలపెట్టిన పర్యటన పూర్తిచేసిన పిమ్మట వచ్చెదనని ఆయన ఉత్తరమిచ్చిరి. వారు సమ్మతించిరి. 1909 ఏప్రిలులో ఆయన హైదరాబాదు చేరిరి.

ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల నాకు కొంత తటపటాయింపు కలుగును. ఒక నగరము బురదలోనుండగా, రమ్మని పిలిచినను, పర్యటన ముగింపవలెననుట తగునా? దీనికి సమాధానము నేనిట్లు చెప్పుకొందును. వరద వచ్చి పోయినది. అన్నము పెట్టుటకు, శవములు తీయుటకు ఆయన యవసరము లేదు. కావలసినది మరల వరద రాకుండ చేయు యోచన, నగరమునకు మురుగు పారుదల. ఆ విద్యనే ఆయన ఐరోపా అమెరికా నగరములలో కన్నులార చూచుచుండిరి. సగము చూచి వచ్చినచో సగము పనియే అయ్యెడిది. తొందరపడి వచ్చుట కంటె సిద్ధపడి వచ్చుట మేలని ఆయన తలచిరి. ఇదియే సరియని అందరును ఒప్పుకొననక్కరలేదు. ఆ ఆరునెలలు హైదరాబాదు వారికెట్లు గడచినవో వారికే తెలియును.

వచ్చిన తరువాత ఆయన చేసిన మొదటిపని లెక్కించుట. మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా వానిలో 221 తెగినవని తేలినది. ఒక చెరువు తెగి క్రింది చెరువుపై పడుట, అది తెగి దాని క్రింది దానిపై పడుట. చెరువుల సీమయందు పుట్టిపెరిగినవానికి ఈ గొలుసు తెలియనిది కాదు. మన తాలూకాలలోను చెరువులు ఒకదాని మరువ మరొకదానికి పారునట్లే కట్టబడినవి. ఐరోపాలో చూచిన విద్యకు ముద్దేనహళ్ళి చెరువుకట్ట తోడైనదని నేననుకొందును. ఆయన సూచించినట్లు నగరమునకు ఎగువ మూసీపైన, ఈసీపైన జలాశయములు లేచినవి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. తెలుగుదేశము విడిచి వచ్చిన ఇంటిపేరొకటి, ఇటలీ చుట్టివచ్చి, మరల తెలుగునేలపై పనిచేసిన విధమిది.

1909 చివర మైసూరు సంస్థానపు ప్రధాన ఇంజనీరుగను, 1912నుండి 1918వరకు దివానుగను ఆయన పనిచేసిరి. ఆ దివానుగిరిని విడుచుటకు గల కారణములు, నాటి కులవివాదములు వేరొక వ్యాసమునకు తగినవి. ఇచ్చట చూడవలసినది ప్రయాణముల ఫలము. 1913లో ప్రాథమికవిద్యను నిర్బంధము చేయు చట్టము, అదే యేట మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము. 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు స్థాపన వెనుకను ఆయన ప్రోత్సాహమున్నది. తెలుగు ఇంటిపేరుగలవాడు కన్నడ భాషాసంస్థకు దోహదము చేయుట యెట్లని ఆశ్చర్యపడువారు బయటివారు. మనకది ఆశ్చర్యము కాదు. ఇంట మాటాడుకొనునది యొకటి, ఊరివారితో కలిసి బ్రతుకునది యొకటి. రెండును మనవే. ఈ విషయమున మన కుటుంబములు ఎవరికిని సంజాయిషీ చెప్పుకొననక్కరలేదు.

ఆ దశకముననే మన సీమకు రైలుబండి వచ్చినది. బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేటనుండి కోలారుకు 1913లో రెండున్నర అడుగుల సన్నని పట్టాలు వేసిరి. అవి శ్రీనివాసపురము, చింతామణి, శిడ్లఘట్టల మీదుగా చిక్కబళ్ళాపురము చేరినవి. బెంగుళూరు వైపునుండి యలహంక, దేవనహళ్ళి మీదుగా మరియొక చిన్నదారి వచ్చి వీనిని గలిసినది. ఆల్ప్సు కొండలు తొలిచిన బండ్లను చూచిన కన్నులకు ఈ బొమ్మబండి ఎట్లు తోచినదో! కాని చింతామణి సంతకు పోవు రైతుకు, శిడ్లఘట్టనుండి పట్టుగూళ్ళు పంపు వర్తకునకు అదియే సింప్లను. ఆ సన్నదారి చాల దశాబ్దములు నడచి, చివరకు కొంతకాలము మూతబడి, కోలారు చిక్కబళ్ళాపురముల నడుమ 2013లో పెద్దపట్టాలతో తిరిగి తెరువబడినది. బాగేపల్లికి మాత్రము పట్టాలు రాలేదు.

దివానుగిరి వదలిన పిమ్మట 1919, 1920లలో ఆయన మరల జపాను, అమెరికా, ఐరోపాలు చుట్టివచ్చిరి. 1908లో చూచిన ఐరోపా అప్పటికి లేదు. ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యము ముక్కలైనది. పూర్వము ఒకే బండిలో ఒకే రాజ్యముగ దాటిన నేలపై క్రొత్త సరిహద్దులు, ప్రయాణపత్రముల తనిఖీలు. భారతదేశ పునర్నిర్మాణమును గూర్చిన ఆయన ఇంగ్లీషు గ్రంథము 1920లో లండనులో వెలువడినది. 1935లో మోటారుకార్ల కర్మాగారము స్థాపించు ఆలోచనతో మరల ఐరోపా అమెరికాలకు పోయిరి. 1946లో, ఎనుబదియైదేండ్ల ప్రాంతమున, పారిశ్రామికుల బృందమునకు నాయకుడై మరియొకమారు బయలుదేరిరి. మన యిండ్లలో ఆ వయస్సువారిని వీధి యరుగు దాటనీయము.

ఆయన చూపులో నాకు బోధపడని భాగమొకటి ఇచ్చటనే యున్నది. పరిశ్రమలు లేనిదే జాతికి మనుగడ లేదని ఆయన జీవితాంతము చెప్పిరి. మహాత్మాగాంధీగారితో ఆయనకు గల ప్రధాన భేదమిదియే. రెండు మహాయుద్ధముల తరువాతను, యుద్ధము ముగిసిన మరుసటి యేడే, ఐరోపాను చూచినవారు ఆయన. కూలిన వంతెనలు, బూడిదయైన నగరములు ఆ ఖండమంతటను ఉండెను. ఆ కర్మాగారములే ఫిరంగులను పోసినవి. దీనిని చూచియు ఆయన నమ్మకము చలింపలేదు. గొప్పవారి దృఢత్వమని కొందరందురు. కిటికీలోనుండి చూచువారికి గొట్టములు కనబడినంత సమాధులు కనబడవని నేననుకొందును. తోడు నొకని ఉంచుకొని, వాడు కవియో రైతో అయియుండినచో, ఆ యాత్రల నోటుపుస్తకము మరియొక రీతిగ నుండెడిదేమో. తోడు అవసరమగునది ఇట్టిచోటనే. మనము చూడనిది చూపుటకు.

ఆయన కడపటి యాత్ర తరువాత పదుమూడేండ్లకు, 1959లో, ఐరోపా రైలుకంపెనీలు కొన్ని కలిసి, ఖండము వెలుపలివారి కొరకు పదుమూడు దేశములలో చెల్లు ఒకే టిక్కెట్టును పెట్టినవి. 1972లో, అంతర్జాతీయ రైలుసంఘము యేబదేండ్ల పండుగ సందర్భమున, ఇరువదియొక్క యేండ్లలోపు ఐరోపా యువకులకు ఇరువదియొక్క దేశములలో నెలదినములు తిరుగు టిక్కెట్టు నమ్మిరి. ఒక్క యేటికని తలపెట్టినది నిలిచిపోయినది. అంతవరకు ధనవంతులకు, ఉద్యోగులకు, వర్తకులకు పరిమితమైన ఖండయాత్ర విద్యార్థుల చేతికి వచ్చినది. పగలంతయు ఊరు చూచి, రాత్రి బండిలోనే పండుకొని, తెల్లవారి మరియొక దేశమున కన్నువిప్పుట వారి పద్ధతి. వసతికి కర్చు లేదు. 1985లో లక్సెంబర్గు గ్రామమొకదాని పేర కుదిరిన షెంగెను ఒడంబడిక 1995లో అమలులోనికి వచ్చి, పెక్కుదేశముల సరిహద్దులలో తనిఖీలను తొలగించినది. 1914కు పూర్వపు సౌకర్యము ఎనుబదేండ్లకు తిరిగి వచ్చినదన్నమాట. మనవారికి మాత్రము బయలుదేరుటకు ముందే అనుమతి తీసికొనవలసిన బాధ యున్నది. ఒకమారు లోపల ప్రవేశించినచో పిమ్మట అడుగువారు అరుదు.

ఈ దారినే మన పిల్లలు పోవుచున్నారు. ఇద్దరు స్నేహితులు, రెండు సంచులు, ఒక రైలుటిక్కెట్టు. ఊరక తిరుగుట కింత వ్యయమాయను తండ్రి ప్రశ్నకు విశ్వేశ్వరయ్యగారి జీవితమునుండి ఉత్తరము సులభముగ దొరకును. ఆయన ప్రతి యాత్రయు ఏదో యొక పనియై తిరిగి వచ్చినది. కాని దీనిని పిల్లలమీద బరువుగా పెట్టుట నాకిష్టము లేదు. ప్రతివాడును జలాశయములు కట్టనక్కరలేదు. ఒక యూరిలో మురికినీరు శుద్ధిచేయు విధానమును చూచి, బెంగుళూరునుండి మన కోలారు చిక్కబళ్ళాపుర సీమల చెరువులకు గొట్టములలో వచ్చుచున్న శుద్ధిచేసిన నీటిని గూర్చి, అది ఎంతవరకు శుద్ధమో ఒక ప్రశ్న అడుగగలిగినను చాలును. కోలారు చెరువులకు ఆ నీరు 2018లో వచ్చినది. రైతులకు దానిపై సందేహములింకను తీరలేదు.

తల్లి ప్రశ్న కష్టమైనది. తోడెవరు? ప్రక్కసీటులోని స్నేహితుడు సరే. వీరాస్వామయ్యగారికి శ్రీనివాసపిళ్ళగారివలె, ఇంట కూర్చుండి వినువారెవరు? చింతామణిలో అవ్వ యున్నది. ఆమెకు తెలుగు వచ్చును. తెలుగు కథలు, పాటలు, పొడుపుకథలు వచ్చును. మనుమడు కన్నడము, ఇంగ్లీషు చదివినాడు. తెలుగు మాటాడును గాని వ్రాయలేడు. వియన్నానుండి వాడు పంపునది నాలుగు ఛాయాచిత్రములు, వాని క్రింద మూడు ఇంగ్లీషు మాటలు. అవ్వ చిత్రములు చూచి "చలిగా నున్నట్లున్నది, బిడ్డ సన్నబడినాడు" అనును. అంతటితో యాత్రాచరిత్ర ముగియును. వాడు చూచినది చెప్పుటకు వానియొద్ద మాటలు లేక కాదు. ఆమెకు చేరు లిపి లేదు. కన్నడలిపిలో వ్రాసినను తెలుగు తెలుగే. నారాయణప్పగారి కీర్తనలను మనమట్లు చదువుటలేదా? ఫోనులో వ్రాయుట చేతకాకున్నచో నోటితో చెప్పి పంపవచ్చును. "అవ్వా, ఇక్కడి రైలు కొండలోపల పావుగంట పోయినది" అని ఒక మాట చెప్పినచో, ఆమె చిన్ననాడెక్కిన చింతామణి సన్నబండిని గూర్చి తిరిగి ఒక మాట చెప్పును. ఆ బండిని ఎక్కినవారు ఇప్పటికే ముసలివారు.

విశ్వేశ్వరయ్యగారు 1962 ఏప్రిలులో కాలధర్మము నొందిరి. ముద్దేనహళ్ళిలో ఆయన సమాధియు, ఆయన వస్తువులుంచిన జ్ఞాపకశాలయు నున్నవి. పిల్లలు బయలుదేరుటకు ముందు అటు పోయి చూచినచో మంచిదే, అరపూట పని.

ఇక వారు పోవు దారి. 1908లో చిక్కబళ్ళాపురమువాడు ఐరోపాకు పోవలెనన్న బెంగుళూరు చేరి, రైలెక్కి బొంబాయికి పోయి, ఓడ పట్టవలసియుండెను. సరిగా నూరేండ్లకు, 2008 మే నెలలో, దేవనహళ్ళియొద్ద విమానాశ్రయము తెరువబడినది. పాత సన్నదారి పోయిన ఆ మార్గముననే, యలహంక దేవనహళ్ళిల నడుమ, విమానాశ్రయపు ప్రయాణికుల కొరకు 2021 జనవరిలో ఒక చిన్న రైలుమజిలీ ఏర్పడినది. అందు ఆగు బండ్లు కొలదిమాత్రమే. వేళలు ముందుగ చూచుకొని పోవలెను. బాగేపల్లి పిల్లవాడు చిక్కబళ్ళాపురము వరకు బస్సులో వచ్చి, అచ్చట ఈ బండి యెక్కవలసియుండును.